అమెరికాలో టీకా వికటిస్తే పరిహారం అడగడం ఎలా

ఆఫీసు నుంచి వస్తూ ఫార్మసీలో ఫ్లూ షాట్ వేయించుకున్నారు. ఆ రాత్రే భుజం పట్టేసింది. రెండు రోజుల్లో పోతుందనుకున్న నొప్పి రెండు నెలలైనా పోలేదు. జడ వేసుకోవడానికి చెయ్యి లేవదు, సీటు బెల్టు లాగాలంటే ప్రాణం మీదికొస్తుంది. ఇలాంటి గాయానికి పరిహారం ఇవ్వడానికి అమెరికాలో 1986లోనే చట్టం వచ్చింది. దాని కింద 1988 అక్టోబరు 1 నుంచి నేషనల్ వ్యాక్సిన్ ఇంజురీ కాంపెన్సేషన్ ప్రోగ్రామ్ నడుస్తోంది. పొట్టిగా వీఐసీపీ అంటారు. ఈ కేసులు వినే చోటుకి జనం పెట్టుకున్న పేరు వ్యాక్సిన్ కోర్టు.

ఇది కంపెనీ మీద వేసే దావా కాదు. ప్రతివాది కేంద్ర ఆరోగ్య శాఖ, అంటే హెచ్‌హెచ్‌ఎస్ సెక్రటరీ. డబ్బు వచ్చేది ఒక ట్రస్టు నిధి నుంచి. ప్రతి డోసు మీద, అది అడ్డుకునే ఒక్కో జబ్బుకి 75 సెంట్ల చొప్పున వసూలయ్యే పన్ను ఆ నిధిలోకి వెళ్తుంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎమ్మెమ్మార్‌కి అలా 2.25 డాలర్లు. నర్సు తప్పు చేసిందనో మందు పాడైందనో మీరు నిరూపించనక్కర్లేదు. టీకా వల్లే గాయమైందని చూపిస్తే చాలు. ఈ పథకం పరిధిలో ఉన్న టీకా విషయంలో వెయ్యి డాలర్లు దాటిన నష్టానికి నేరుగా కంపెనీ మీదికో, టీకా వేసినవాళ్ళ మీదికో వెళ్ళడానికి లేదు. ముందు ఇక్కడికే రావాలి.

అమెరికా గడ్డ మీద టీకా వేయించుకుంటే పౌరసత్వంతో పనిలేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళూ, పిల్లల్ని చూడ్డానికి విజిటర్ వీసా మీద వచ్చి ఫ్లూ షాట్ వేయించుకున్న అమ్మానాన్నలూ అందరూ పిటిషన్ వేయొచ్చు.

1. ముందు మీ టీకా ఈ జాబితాలో ఉందా?

పిల్లలకో గర్భిణులకో మామూలుగా వేయించమని సీడీసీ, అంటే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, సిఫారసు చేసి, పైన చెప్పిన పన్ను పడిన టీకాలే దీని కిందికి వస్తాయి. సీజనల్ ఫ్లూ, టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గులకి వేసేది), ఎమ్మెమ్మార్, హెపటైటిస్ ఎ, బి, పోలియో, రోటా, చికెన్‌పాక్స్, హెచ్‌పీవీ, మెనింజైటిస్, న్యూమోకోకల్ కాంజుగేట్ వగైరా. పిల్లలకని పెట్టిన జాబితాయే అయినా వేయించుకున్నవాళ్ళ వయసుతో సంబంధం లేదు.

మనవాళ్ళు బోల్తాపడేది ఇక్కడే. ఇండియా వెళ్ళే ముందు ట్రావెల్ క్లినిక్‌లో వేయించుకునే టైఫాయిడ్, రేబిస్, జపనీస్ ఎన్‌కెఫలైటిస్ టీకాలు ఇందులో లేవు. యాభై దాటినవాళ్ళకి వేసే షింగిల్స్ టీకా లేదు. కోవిడ్ టీకా దారి వేరు, దాని సంగతి చివర్లో ఉంది. ఒకే రోజు టైఫాయిడ్ ఒక చేతికి, టీడాప్ ఇంకో చేతికి వేయించుకుని ఉంటే, ఏ చెయ్యి దెబ్బతిందన్న దాని మీదే మీ కేసు నిలబడుతుంది.

ఇండియాలో వేయించుకున్న టీకాకి దారి చాలా సన్నం. అమెరికాలో ఉన్న కంపెనీ తయారుచేసిన టీకా అయి ఉండాలి, వేసిన ఆరు నెలల్లోపు ఆ మనిషి అమెరికాకి తిరిగి వచ్చి ఉండాలి. చట్టంలో ఉన్న మాట "తిరిగి రావడం" కాబట్టి, మొదటిసారి వస్తున్నవాళ్ళ విషయంలో ఆ మాట దగ్గరే పేచీ వస్తుంది. సెలవులకి వెళ్ళి పిల్లవాడికి హైదరాబాద్‌లో టీకా వేయించి ఉంటే, కార్డు మీద కంపెనీ పేరు చూశాకే మిగతా ఆలోచన.

2. గడువు లెక్క వేసి గోడమీద రాసుకోండి

గాయానికి గడువు మూడేళ్ళు. అది టీకా వేసిన రోజు నుంచి కాదు, డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజు నుంచీ కాదు, మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి. ఆ లక్షణం టీకా వల్ల అని మీకు అప్పుడు తెలియకపోయినా గడియారం ఆగదు. 2011లో, ఈ కేసుల అప్పీళ్ళు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు క్లోయర్ కేసులో ఈ సంగతి తేల్చేసింది. పసిపిల్లల కేసుల్లోనూ ఇదే లెక్క. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఆగొచ్చన్న వెసులుబాటు ఇక్కడ లేదు.

మనిషి చనిపోతే రెండు గడువులూ దాటకూడదు: మరణించి రెండేళ్ళు, ఆ మరణానికి దారితీసిన మొదటి లక్షణం కనిపించి నాలుగేళ్ళు.

2024 అక్టోబరు 12 రాత్రి నొప్పి మొదలైతే 2027 అక్టోబరు 12 లోపు పిటిషన్ కోర్టు క్లర్కు చేతికి చేరాలి. పోస్టు చేసిన తేదీ లెక్కలోకి రాదు. పైగా లాయర్ మీ కాగితాలు తెప్పించుకోవడానికే నెలలు పడుతుంది. మూడో ఏడాదిలో అడుగుపెట్టాక ఫోన్ చేస్తే చాలామంది కేసు తీసుకోరు.

3. ఆరు నెలల పరీక్ష

గాయం తాలూకు బాధ టీకా వేసిన రోజు నుంచి ఆరు నెలలకి మించి ఉండాలి. లేదా ఆస్పత్రిలో చేరడమూ సర్జరీ కావడమూ రెండూ జరిగి ఉండాలి. లేదా మరణం. రోటా టీకా తర్వాత పేగులోకి పేగు చొచ్చుకుపోయి ఆపరేషన్ చేయించాల్సి వచ్చిన పసిబిడ్డ పది రోజుల్లో కోలుకున్నా కేసు నిలుస్తుంది. మూడు రోజులు జ్వరం, వారం చెయ్యి నొప్పి లాంటివి నిలవవు.

భుజం కేసుల్లో ఈ ఆరు నెలలే కొంప ముంచుతాయి. నాలుగో నెలలో ఫిజియోథెరపీ మానేసి, ఇంట్లోనే కాపడం పెట్టుకుంటూ, మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చిన వాళ్ళకి ఐదో నెల తర్వాత ఒక్క కాగితం ఉండదు. కాగితం లేని నొప్పి తగ్గిపోయిన నొప్పిగానే లెక్కకొస్తుంది. ఇంకా బాధ ఉంటే ఏడో నెలలో డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పండి. వేరే పని మీద ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్ళినా భుజం సంగతి ఎత్తండి.

4. టేబుల్‌లో ఉందా, బయట ఉందా

ఏ టీకాకి ఏ గాయం, ఎన్నాళ్ళలో అన్నది ఒక పట్టికగా చట్టంలోనే ఉంది. లాయర్లు దాన్ని టేబుల్ అంటారు. మీ గాయం అందులో ఉండి, చెప్పిన వ్యవధిలో మొదలై, నిర్వచనానికి సరిపోతే, టీకా వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది. కాదని చూపించాల్సిన భారం ప్రభుత్వం మీద పడుతుంది. కొన్ని ముఖ్యమైనవి:

- భుజం గాయం, లాయర్ల భాషలో సర్వా: 48 గంటల్లో
- ఫ్లూ టీకా తర్వాత గియాన్-బరే సిండ్రోమ్, అంటే నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ చచ్చుబడే జబ్బు: 3 నుంచి 42 రోజుల మధ్య
- అనాఫిలాక్సిస్, అంటే ఒళ్ళంతా ముంచేసే అలర్జీ: 4 గంటల్లో
- సూది వేశాక కళ్ళు తిరిగి పడిపోవడం: గంటలో
- రోటా తర్వాత పేగు చొచ్చుకుపోవడం: 1 నుంచి 21 రోజుల్లో
- ఎమ్మెమ్మార్ తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోయి వచ్చే పర్‌ప్యూరా, అంటే చర్మం కింద రక్తం చిమ్మి మచ్చలు పడటం: 7 నుంచి 30 రోజుల్లో

మొదటి రెండూ 2017 మార్చి 21న టేబుల్‌లో చేరాయి. పిటిషన్ వేసిన రోజున అమల్లో ఉన్న టేబులే వర్తిస్తుంది కాబట్టి, పాత కాపీ చూసి నిర్ణయించుకోకండి.

సర్వాకి 48 గంటలు ఒక్కటే సరిపోదు, ఇంకో మూడు ఉన్నాయి. ఆ భుజానికి ముందు నుంచి నొప్పి గానీ వాపు గానీ పట్టేయడం గానీ ఉండకూడదు. నొప్పీ, చెయ్యి తిరగకపోవడమూ సూది వేసిన భుజానికే పరిమితం కావాలి. ఆ లక్షణాలకి వేరే కారణం ఉండకూడదు. మెడ నుంచి వేళ్ళ దాకా తిమ్మిరి అని నోట్స్‌లో ఉంటే టేబుల్ చేజారుతుంది. రెండేళ్ళ కిందట క్రికెట్ ఆడుతూ అదే భుజానికి ఇంజెక్షన్ చేయించుకుని ఉంటే అదీ బయటికొస్తుంది. దాచి లాభం లేదు, ముందే లాయర్‌కి చెప్పండి.

టేబుల్ బయట ఉన్న గాయమైతే నిరూపణ మొత్తం మీదే. 2005 నాటి ఆల్థెన్ తీర్పు మూడు మెట్లు పెట్టింది: ఈ టీకా ఈ జబ్బు తెప్పించగలదనే వైద్య సిద్ధాంతం, మీ విషయంలో అలాగే జరిగిందని చూపే కార్యకారణ వరస, ఆ సిద్ధాంతానికి సరిపోయే కాల వ్యవధి. "టీకా తర్వాతే వచ్చింది కదా" అన్నది ఈ మూడింటిలో ఒకటి కూడా కాదు. స్పెషలిస్టు డాక్టరు నిపుణుడిగా రిపోర్టు రాయాలి. అయితే కావలసింది నూటికి నూరుపాళ్ళ రుజువు కాదు. కాకపోవడం కన్నా అయి ఉండడమే ఎక్కువ అన్నంత బలం చాలు.

టీకా వల్ల ఆటిజం వచ్చిందన్న కేసులు ఈ కోర్టుకి ఐదు వేలకి పైగా వచ్చాయి. పరీక్ష కేసులు విని 2009లోనూ 2010లోనూ కొట్టేశారు. ఆ వాదనతో వెళ్ళే ముందు ఆ తీర్పులు చదవండి. తల్లిదండ్రుల ఆవేదన నిజమే, కానీ సాక్ష్యం నిలబడలేదు.

5. కాగితాలు: కేసు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే

అన్నిటికంటే ముందు టీకా రికార్డు తెచ్చుకోండి. వేసిన తేదీ, కంపెనీ పేరు, లాట్ నంబరు, వేసినవాళ్ళ పేరు, చిరునామా నమోదు చేయడం చట్టప్రకారం వాళ్ళ బాధ్యత. ఫార్మసీలో అడిగితే ఇస్తారు, రాష్ట్ర ఇమ్యునైజేషన్ రిజిస్ట్రీలోనూ దొరుకుతుంది. ఏ చేతికి వేశారన్న గడి జాగ్రత్తగా చూడండి. కంప్యూటర్‌లో ముందే "ఎడమ డెల్టాయిడ్" (ఎడమ భుజం కండరం) అని ఉంటే, కుడిచేతికి వేసి కూడా అలాగే వదిలేయడం కొత్తేమీ కాదు. అలా జరిగితే కంగారు పడకండి. మొదటి డాక్టరు నోట్స్‌లో సరైన చెయ్యి ఉంటే, దానికి తోడు ఆనాటి మెసేజీలు ఉంటే, స్పెషల్ మాస్టర్లు, అంటే ఈ కోర్టులో జడ్జిలా కేసు విని తేల్చే అధికారులు, వాటిని పట్టించుకుంటారు.

మొదటి డాక్టరు నోట్స్ అన్నాను. మొత్తం ఫైల్లో దానికున్నంత బరువు దేనికీ లేదు. ఒక నమూనా చూడండి. షాట్ అక్టోబరు 12న. నొప్పి ఆ రాత్రే. డాక్టరు దగ్గరికి వెళ్ళింది డిసెంబరు 1న. ఎప్పటి నుంచి అని నర్సు అడిగితే "ఒక నెల నుంచి అండీ" అన్నారు, మనం మామూలుగా అనే అంచనా మాట. ఆమె అదే టైపు చేసింది. డిసెంబరు 1 నుంచి నెల వెనక్కి వెళ్తే నవంబరు 1. అంటే టీకా వేశాక ఇరవై రోజులకి నొప్పి మొదలైనట్టు. 48 గంటల నిబంధన అక్కడే తేలిపోయింది. రెండేళ్ళ తర్వాత ప్రభుత్వ లాయర్ ఆ ఒక్క వాక్యాన్నే పసుపు రంగు గీసి చూపిస్తాడు.

అందుకే నిజంగా జరిగింది జరిగినట్టు, తేదీతో చెప్పండి: "అక్టోబరు 12 సాయంత్రం కుడి చేతికి ఫ్లూ షాట్, ఆ రాత్రి నుంచే నొప్పి, ఇప్పటికీ తగ్గలేదు." ఇంటికొచ్చాక పేషెంట్ పోర్టల్‌లో విజిట్ సమ్మరీ అదే వారం చదవండి. తప్పు పడితే సరిచేయమని రాతపూర్వకంగా అడిగే హక్కు వైద్య రికార్డుల గోప్యత కాపాడే హిపా చట్టం ఇచ్చింది. వాళ్ళు మార్చకపోయినా మీ అభ్యంతరం ఫైల్లో చేర్చాలి. మూడేళ్ళ తర్వాత రాసిన అఫిడవిట్ కన్నా మూడో రోజు పెట్టిన ఆ అభ్యంతరం విలువైనది.

తర్వాత మిగతా రికార్డులు. టీకా తర్వాతివే కాదు, టీకాకి ముందు మూడేళ్ళవీ కావాలి. పసిపిల్లలకైతే పుట్టినప్పటి ఆస్పత్రి ఫైలు, తల్లి కాన్పు రికార్డులతో సహా. "సమ్మరీ" కాదు, "పూర్తి చార్టు" అని అడగండి: ఆఫీసు నోట్స్, ఎమర్జెన్సీ రికార్డు, ఎమ్మారై రిపోర్టు, ప్రతి ఫిజియోథెరపీ సెషన్ నోట్స్. థెరపిస్టు రాసిపెట్టే చెయ్యి ఎంతవరకు లేస్తోందన్న డిగ్రీల లెక్క భుజం కేసుల్లో చాలా ఉపయోగం. పోర్టల్ నుంచి తీసిన ప్రింటవుట్లు దీనికి సాటిరావు.

మధ్యలో ఇండియా వెళ్ళి విజయవాడలోనో వరంగల్‌లోనో ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించుకున్నారా? ఆ ప్రిస్క్రిప్షన్ చీటీ, ఎక్స్‌రే కవరు, ఫీజు రసీదు అన్నీ పనికొస్తాయి. అక్కడి డాక్టరు దగ్గర మీ ఫైలు ఉండకపోవచ్చు, చీటీ మీ చేతికే ఇచ్చేస్తారు కాబట్టి పారేస్తే మళ్ళీ దొరకదు. ఇంటికొచ్చి ఫిజియో చేసినతనికి పంపిన ఫోన్‌పే చెల్లింపులైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

ఇంకోటి, చాలామందికి తట్టనిది: వాట్సాప్. "ఏం అమ్మా, నిన్న వేసిన సూదికి చెయ్యి కదలట్లేదు" అని ఆ మర్నాడు అమ్మకి పెట్టిన మెసేజి తేదీ, సమయంతో సహా నిలబడే సాక్ష్యం. ఫోన్ మార్చే ముందు ఆ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. తెలుగులో ఉన్న మెసేజీలకి సర్టిఫైడ్ అనువాదం జతచేయాలి. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా సరే.

చివరికి అఫిడవిట్లు. మీది, మీతో ఉండే భర్తది లేదా భార్యది, ఆఫీసులో చూసినవాళ్ళది. నోటరీ దొరక్కపోతే పెనాల్టీ ఆఫ్ పెర్జరీ వాక్యంతో, అంటే అబద్ధమైతే శిక్షకి సిద్ధమని రాసి, సంతకం చేసిన డిక్లరేషన్ చెల్లుతుంది. "చాలా బాధపడింది" అని కాకుండా "నవంబరులో బియ్యం డబ్బా అలమరలోంచి దించలేక నన్ను పిలిచేది" అన్న తరహాలో రాయించండి.

వేర్స్ రిపోర్టు గురించి ఒక మాట. టీకా తర్వాత వచ్చిన ఇబ్బందుల్ని నమోదు చేసుకోవడానికి సీడీసీ, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నడిపే ఆ వ్యవస్థకి రిపోర్టు చేయడం మంచిదే, కానీ అది పరిహారం దరఖాస్తు కాదు. వేర్స్‌లో పెట్టేశాం కదా అని మూడేళ్ళు ఊరుకున్నవాళ్ళకి దక్కేది ఏమీ లేదు.

6. లాయర్

తక్కిన యాక్సిడెంట్ కేసులకీ దీనికీ పెద్ద తేడా ఫీజు. సదుద్దేశంతో, సహేతుకమైన ఆధారంతో వేసిన కేసైతే ఓడిపోయినా లాయర్ ఫీజు, నిపుణుడి ఖర్చు కోర్టు ఆ నిధి నుంచే ఇప్పించగలదు. మీ పరిహారంలోంచి వాటా తీసుకోవడం చట్టవిరుద్ధం. "గెలిస్తే మూడో వంతు నాది" అన్న కాగితం ముందు పెడితే లేచి వచ్చేయండి. ఆ లాయర్‌కి ఈ కోర్టు తెలియదని అర్థం. పక్కింటి ఇమిగ్రేషన్ లాయరో, బంధువుల రియల్ ఎస్టేట్ లాయరో దీనికి పనికిరారు. ఈ కేసులు తీసుకునే లాయర్ల జాబితా యూఎస్ కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్ వెబ్‌సైట్‌లో ఉంది. లాయర్ మీ ఊళ్ళో, మీ రాష్ట్రంలో ఉండనక్కర్లేదు.

సొంతంగానూ వేయొచ్చు. మైనర్ తరఫున తల్లిదండ్రులు వేస్తారు. తేలికైన సర్వా కేసు సొంతంగా నెగ్గుకురావచ్చేమో గానీ, టేబుల్ బయటి కేసుకి ఆ సాహసం వద్దు.

7. పిటిషన్ వేయడం

మీ జిల్లా కోర్టులో కాదు. వాషింగ్టన్ డీసీలో 717 మాడిసన్ ప్లేస్ నార్త్‌వెస్ట్‌లో ఉన్న కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్ క్లర్కుకి. ఫీజు 405 డాలర్లు. కట్టలేనివాళ్ళు మినహాయింపు అడగొచ్చు. ఒక కాపీ హెచ్‌హెచ్‌ఎస్‌కి, అంటే మేరీల్యాండ్ రాక్‌విల్‌లో 5600 ఫిషర్స్ లేన్‌లోని పరిహార విభాగానికి వెళ్ళాలి.

పిటిషన్‌లో ఉండాల్సినవి: ఎవరికి, ఏ టీకా, ఏ తేదీన, ఎక్కడ వేశారు, ఏ గాయం, మొదటి లక్షణం ఎప్పుడు, ఆరు నెలలు దాటిందన్న విషయం, ఇదే గాయానికి వేరే దావాలో డబ్బు తీసుకోలేదన్న ప్రకటన. వాటికి రికార్డులు జతచేయాలి. గడువు మీదికొచ్చి రికార్డులు పూర్తిగా రాకపోతే, ఉన్నవాటితో వేసి, మిగతావి ఎందుకు రాలేదో రాసి తర్వాత పెట్టండి. గడువు దాటాక పెట్టిన పూర్తి ఫైలు కన్నా గడువులో పెట్టిన అరకొర ఫైలు నయం.

8. తర్వాత ఏం జరుగుతుంది

కేసు ఒక స్పెషల్ మాస్టర్‌కి వెళ్తుంది. ఇక్కడ జ్యూరీ ఉండదు. హెచ్‌హెచ్‌ఎస్ డాక్టర్లు రికార్డులు చదువుతారు, న్యాయశాఖ లాయర్ రూల్ 4(సి) రిపోర్టు పేరుతో ఒప్పుకుంటున్నారో లేదో చెబుతాడు. ఒప్పుకుంటే ఇక మిగిలేది ఎంత అన్న ప్రశ్నే. లేకపోతే రాజీ బేరం, అదీ కుదరకపోతే విచారణ. పరిహారం వచ్చిన కేసుల్లో దాదాపు 60 శాతం, టీకాయే కారణమని ప్రభుత్వం ఒప్పుకోకుండానే రాజీతో ముగిసినవి. కాబట్టి రాజీ కాగితంలో "మేం ఒప్పుకోవడం లేదు" అన్న వాక్యం చూసి మనసు కష్టపెట్టుకోకండి. రెండు మూడేళ్ళు పట్టడం మామూలే.

నొప్పికీ మానసిక బాధకీ గరిష్ఠంగా 2,50,000 డాలర్లు. అది పైకప్పు, అందరికీ వచ్చే మొత్తం కాదు. మరణానికి 2,50,000. ఇన్సూరెన్సు ఇవ్వని వైద్య ఖర్చులు, రాబోయే వైద్య ఖర్చులు, పోయిన జీతం వీటికి అదనం. జీతం అడగాలంటే పే స్టబ్‌లు, టాక్స్ రిటర్నులు, ఎన్ని రోజులు సెలవు పెట్టారో కంపెనీ ఇచ్చిన ఉత్తరం కావాలి.

కోవిడ్ టీకా అయితే

ఈ కోర్టు కాదు, సీఐసీపీ అనే వేరే కార్యక్రమం. గడువు టీకా వేసిన రోజు నుంచి ఒక్క ఏడాదే, లక్షణం మొదలైన రోజు నుంచి కాదు. జడ్జీ లేడు. ఆరోగ్య శాఖలోని హెచ్‌ఆర్‌ఎస్‌ఏ అధికారులే నిర్ణయిస్తారు. లాయర్ ఫీజు ఇవ్వరు, నొప్పికి పైసా రాదు, ఇన్సూరెన్సు లాంటివి కట్టగా మిగిలిన వైద్య ఖర్చులూ జీతమే. జీతానికి ఏడాదికి 50,000 డాలర్ల పరిమితి. తిరస్కరిస్తే 60 రోజుల్లో పునఃపరిశీలన అడగొచ్చు, ఆ తర్వాత కోర్టుకెక్కడానికి లేదు. నిజం చెప్పాలంటే ఇది వీఐసీపీకి పేదచుట్టం లాంటిది. అయినా ఏడాదిలోపు దరఖాస్తు ఫారం పడేయండి, రికార్డులు తర్వాత పంపొచ్చు.

ఒకే రోజు ఫ్లూ, కోవిడ్ రెండూ వేయించుకుంటే ఏది ఏ చేతికి వేశారో తేల్చుకోవాలి. తేలేలోపు ఏడాది గడిచిపోయేలా ఉంటే సీఐసీపీలో ముందు పెట్టేయడం మేలు.

తీర్పు వచ్చాక చూడాల్సిన తేదీలు

స్పెషల్ మాస్టర్ నిర్ణయం వచ్చిన 14 రోజుల్లో మీ పేరు, వైద్య వివరాలు బయటికి కనిపించకుండా తొలగించమని అడగాలి. అడగకపోతే నిర్ణయం ఉన్నదున్నట్టు ఆన్‌లైన్‌లోకి వస్తుంది. రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు గూగుల్‌లో మీ పేరు కొట్టినా కనిపిస్తుంది. నిర్ణయం నచ్చకపోతే ఫెడరల్ క్లెయిమ్స్ జడ్జి సమీక్షకి 30 రోజులు, ఆ పైన ఫెడరల్ సర్క్యూట్‌కి 60 రోజులు. తుది జడ్జిమెంటు నమోదయ్యాక 90 రోజుల్లో, ఒప్పుకుంటున్నారో, కాదని మామూలు కోర్టుకి వెళ్తారో రాసి ఇవ్వాలి. ఏమీ రాయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. 2011లో బ్రూస్‌విట్జ్ కేసులో సుప్రీంకోర్టు, టీకా డిజైనే లోపమన్న వాదనతో కంపెనీల మీద దావాలు చెల్లవని చెప్పేసింది కాబట్టి, కాదని బయటికి వెళ్ళే ముందు లాయర్‌తో ఒకటికి రెండుసార్లు కూర్చోండి.